చిక్కుడు తీగకు రంగు కాగితాలు

భద్రాచలం

అమ్మీకి సలాం.

గోదావరి పెరిగిందని కంగారు పడకు. మా బడి పిల్లలతో మెరక మీదున్న పునరావాస కేంద్రంలో క్షేమంగా ఉన్నాను. ఇవాళ్టి సంగతి విను! ఇల్లు మునిగిన నాటి నుంచి అన్నం సరిగా ముట్టని ఏడేళ్ల నందినికి తోట బొమ్మ ఇచ్చి, రంగులు వేయమన్నాను. అది పక్కన పెట్టేసి, పాత పెళ్లికార్డు కత్తిరించి చిక్కుడు తీగ చేసింది.

"మా పెరట్ల గిట్లనే ఉండె టీచర్. పాకనీకి పందిరేది?" అంది.

కిటికీకి దారాలు కట్టాం. తీగ పైదాకా అతికించి, తనే వెళ్లి కంచం తెచ్చుకుంది! ఇప్పుడు పాతికమందీ సొర, కాకర అంటూ నా వెంట పడ్డారు. రిజ్వాన్ భయ్యాను తన ప్రెస్సులో మిగిలిన రంగు కాగితం ముక్కలు, రెండు జిగురు డబ్బాలు భద్రాచలం బస్సులో జల్దీ పంపమను. అబ్బాకు మోకాలి నొప్పి తగ్గిందా? నీ దువాలో ఈ పిల్లల ఇళ్లను కూడా తలచుకో.

నీ ఫరహా