వాడి ప్రార్థనకి ఆమేన్

సుగుణా,

నువ్వు పోయి ఏడాదైందని ఇవాళ కంకిపాడులో మనింట్లోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. పటమట నుంచి చిన్నోడూ వచ్చాడు. నువ్వు పోయిన దగ్గర్నుంచి వాడు చర్చికి రావట్లేదు, ప్రార్థన మానేశాడు. నేనేం అడగలేదు. వాణ్ణి గుచ్చి గుచ్చి అడగొద్దని నువ్వెప్పుడూ అనేదానివిగా.

పాటలయ్యాయి, పాస్టరుగారు వాక్యం చెప్పారు. గండం గడిచిందనుకునేలోపు మీ అన్నయ్య లేచి, "ముగింపు ప్రార్థన మా మేనల్లుడు చేస్తాడండీ" అన్నాడు. అన్నీ తెలిసే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అప్పటికే అందరూ తలలు వంచి కళ్ళు మూసేసుకున్నారు.

చిన్నోడు లేచి నిలబడ్డాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వెనక ఎవరో దగ్గారు. ఇక ఆగలేక నేనే గట్టిగా "ఆమేన్" అన్నాను. నాతోపాటు అందరూ అనేశారు, మీ అన్నయ్యతో సహా.

భోజనాల దగ్గర వడ్డిస్తుంటే వాడు మెల్లగా అడిగాడు.

"నేనేం ప్రార్థన చెయ్యలేదుగా నాన్నా, దేనికి ఆమేన్ అన్నావ్?"

"నువ్వొచ్చావుగా, దానికి."

వాడు తల వంచుకునే, ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు.