కంచె కదిలింది, గాలి లేదు

వదినా, నేను కులాసాగానే ఉన్నాను. మా గోదాము సంగతి ఎవరైనా చిలవలు పలవలు చేసి చెబితే కంగారుపడకండి.

ఇక్కడి కంచెకు కంపనాన్ని పసిగట్టే సెన్సార్లు బిగించారు. ఎవరు ఎక్కినా, తీగ కోసినా నేను కాపలా కూర్చునే గదిలోని తెర మీద ఆ చోటు ఎర్రగా వెలుగుతుంది. మొన్న మధ్యాహ్నం వెనకవైపు వెలిగింది. "గాలేనమ్మా, ఆపెయ్" అన్నాడు సూపర్‌వైజరు. గాలైతే కంచె అంతా ఊగాలి కదా. పైగా బయట ఆకు కూడా కదలడం లేదు. మంచినీళ్లకని లేచి వెళ్లి చూశాను. మనిషి దూరేంత మేర తీగ కోసి, మళ్లీ లోపలి నుంచే ముడివేసి ఉంది. తిన్నగా మేనేజరుకు చెప్పాను. సాయంత్రానికి సూపర్‌వైజరు బావమరిది మా గోదాములోని రాగి తీగ చుట్టలతో సహా దొరికాడు. పోలీసులు ఇద్దరినీ పట్టుకెళ్లారు గానీ, నిన్ననే బెయిలు మీద వదిలేశారట.

పాపకు దగ్గు తగ్గిందా? నా ఉన్ని శాలువా పార్సిల్ చేయండి.

అసలు సంగతి ఇది. ఆ సూపర్‌వైజరు ఒకసారి "పాప ఎవరి దగ్గరుంటుందమ్మా?" అని ఆప్యాయంగా అడిగితే మీ ఇంటి గుర్తులన్నీ చెప్పేశాను. ఇప్పుడు ఆ ఆప్యాయత మీదే అనుమానం. నేను పంపానని ఎవరొచ్చినా తలుపు తీయకండి. పాపను నేను ముద్దుగా ఏమని పిలుస్తానో అడగండి. ఆ పేరు ఇక్కడ రాయను. కార్డు కదా, దారిలో ఎందరు చదువుతారో.

అన్నయ్యగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

మీ మరదలు