అక్కరలేని అబద్ధం

మంగళవారం, రాత్రి

"ఎవలు సూస్తరమ్మా?" అన్నాడు నా కొడుకు. చూస్తారు. సర్కారు కొలువు ఇచ్చే ముందు పోలీసులు బడిదాకా వెళ్లి అడుగుతారు. వీడు మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండీలో ఉన్నప్పుడు మనవరాలు శ్రావణి మూడో తరగతి దాకా అక్కడే చదివింది. అది చెబితే నాన్‌లోకల్ అవుతుందని భయపడి, ఒకటి నుంచి ఏడు దాకా సిద్దిపేటలోనే చదివినట్టు దాని కొలువు దరఖాస్తులో రాయించాడు.

"నాలుగు నుంచి ఏడు గీడనే సదివింది గదరా! లోకల్‌కు వరుసగ నాలుగేండ్లు సాలు. అక్కెర లేకున్నా అబద్ధమాడేటోన్ని నిన్నే సూసిన" అన్నాను.

"బాపమ్మా, ఇగ నన్ను తీసేస్తరా?" అంది శ్రావణి. దరఖాస్తులో తప్పులు దిద్దుకునే గడువుకు రేపే ఆఖరు. ఆ సర్వర్ పనిచేస్తుందో లేదో...

పొద్దున్నే శ్రావణికి భివండీ బడి టీసీ ఇచ్చి నెట్ సెంటర్‌కు పంపాలి. వాళ్ల బాపును, నా కొడుకును, మాత్రం వెంట పంపకూడదు.