కాల్ నేను కట్ చేయలేదు

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్
శుక్రవారం

లక్ష్మీకాంతం అక్కకు సత్యవాణి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా.

ఆదివారం వీడియో కాల్ నేను కట్ చేయలేదు. ప్రణవికి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందనీ, మా ఇంట్లో ఉంచుకోమనీ నువ్వు అడుగుతుండగా నేను వెనక గదిలోకి నడిచాను, వైఫై పోయింది. నీ కూతురు నాకు బరువా? తర్వాత ఎన్నిసార్లు చేసినా నువ్వు ఎత్తలేదు. అందుకే ఈ కార్డు.

ఇల్లంతా వస్తుందని చెప్పి వైఫై కంపెనీ వాళ్లు కనెక్షన్ ఇచ్చారు. వెనక గదిలో సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు. మూడు ఫిర్యాదులయ్యాక నిన్న వాళ్ల ఆఫీసుకే వెళ్లాను. కౌంటర్లో ఉండే మన తెలుగువాడు ప్రేమ్‌కుమార్, "గోడలు మందం పిన్నీ, ఏటి సేస్తాం?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"గోడలు నిన్న కట్టినామేటి? ఇల్లంతా వస్తాదని సెప్పినప్పుడు సూసుకోలేదా?" అని అందరి ముందూ అరిచాను. సాయంత్రానికి మనిషి వచ్చి, వీధి గుమ్మం దగ్గరున్న వైఫై డబ్బాను నడవలోకి మార్చి, వెనక గదికి ఇంకొకటి పెట్టాడు. గంట పని! దానికి రెండు నెలలు తిప్పారు.

నీ మీదా కోపమే. నీ మాట మధ్యలో తుంచేసేదాన్నా నేను?

ప్రణవి ఏ రైలుకు వస్తుందో రాయి. దానికి వంకాయ ఇంకా పడదా? కొత్త చింతపండు రెండు కిలోలు దాని చేత పంపు. బావగారికి నమస్కారాలు. ప్రణవికి నా ఆశీస్సులు చెప్పి, వెనక గదిలో మంచం వేసేశానని కూడా చెప్పు.

సత్యవాణి