కరక్ కోట గోడకు వాలు ఎందుకు

సరళకు, నేను బాగున్నాను. టీవీలో వార్తలు చూసి భయపడకు.

సౌదీ వాళ్లకు చాలినన్ని కొలువులు ఇవ్వలేదని మా కంపెనీ నితాఖత్‌లో రెడ్‌లో పడ్డది నిజమే. ఇక్కడ ఉండడానికిచ్చే ఇకామా రెన్యూవల్ ఆగింది. అయితే ఇక్కడ సకాకా దగ్గర గుట్ట మీది పాత కోటను బాగుచేస్తున్న వేరే కంపెనీకి రాతిపని వచ్చినవాళ్లు కావాలంటే పోయాను. అక్కడి ఇంజనీరు యూసుఫ్‌ది జోర్డాన్‌లోని కరక్. ఈ కార్డు మీది బొమ్మ వాళ్ల ఊరి కోటే, ఆయనే ఇచ్చాడు. ఎనిమిది వందల డెబ్బై ఏళ్ల కింద, యూరప్ నుంచి యుద్ధానికి వచ్చిన ఫిరంగీలు కొండ కొసన కట్టారట.

బొమ్మ చూపించి, "గోడ అడుగు ఇట్ల వాలుగా ఎందుకు కట్టిన్రు?" అని అడిగాడు.

"గోడకు బలం సార్."

"ఇంకా?"

కిందికి తొంగి చూశాను. మేం నిలబడ్డ గోడకూ అలాంటి వాలే ఉంది. ఒక రాయి తీసి కిందికి వదిలాను. అది వాలుకు తగిలి ఎగిరి ముందుకు దూకింది.

"అరే! ఎక్కవచ్చెటోని మొకానికే తగుల్తది సార్!" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి నన్ను వాళ్ల కంపెనీకి మార్చే ట్రాన్స్‌ఫర్ కాగితం మీద సంతకం పెట్టాడు. కొత్త ఇకామా ఈ నెలలోనే వస్తుంది.

సంధ్య కళ్లద్దాలు మార్పించావా? బోరులో నీళ్లున్నాయా? ఒక ఆదివారం బిడ్డను తీసుకొని ఎలగందుల కోట ఎక్కు. అక్కడి గోడ అడుగు నిలువుగా ఉందా, వాలుగా ఉందా, చూసి రాయి. ఎన్నిసార్లో దాని పక్కనుంచే బస్సులో పోయాను, ఒక్కసారీ దిగి చూడలేదు.

అత్తకు దండాలు, బిడ్డకు దీవెనలు.

నీ ఓదెలు