ఇప్పచెట్టు కింద బూడిద

మార్చి 10, మంగళవారం

చెయ్యని హత్యకు ఒక ముసలమ్మకి బేడీలు వేసిన్రు. టీవీలోనే. అయినా నా ఒళ్లు మండుతోంది.

ఎనిమిది గంటల సీరియల్. కాంట్రాక్టర్ మాయం. అడవిలో ఇప్పచెట్టు కింద నేలంతా నల్లగా కాలి ఉంది. ఇన్‌స్పెక్టర్ గుప్పెడు బూడిద తీసి వాసన చూసి — "శవాన్ని ఇక్కడే తగలబెట్టారు." చెట్టు ముసలమ్మది. అంతే, కేసు తేలిపోయింది!

థూ. ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఎండుటాకులు కాలుస్తం. నేల శుభ్రంగా ఉంటేనే తెల్లారి ఏరేటప్పుడు పువ్వు కనబడేది. మా అమ్మ ఏటా కాలుస్తది. మా ఊరు, ఉసూర్ దిక్కు ఏ చిన్నపిల్లనడిగినా చెప్తది. కథ రాసినోడు ఒక్కరినీ అడగలే.

సత్తిబాబన్నకి ఇదే చెప్పిన. రెండేళ్లుగా ఒకటే గది, టీవీ ఆయనది. నవ్విండు. "ఊరుకోరా బాబూ, అంత పెద్ద సీరియల్ తీసేవాళ్లకి తెలీదంటావా?"

మార్చి 11

మేం పనిచేసే వెల్డింగ్ షెడ్డులో అన్న అందరికీ చెప్పేసిండు. మేస్త్రీ పొద్దున్నే మొదలుపెట్టిండు — "ఏరా, మీ ఊళ్లో ఇంకెంతమందిని కాల్చారు?" ఒకటే నవ్వులు. అన్న కూడా. నేను మాస్కు దించుకున్న. వెల్డింగ్ లేకపోయినా దించుకునే ఉన్న.

మార్చి 12

అన్నం ఒక్కడినే తిన్న. ఎందుకని ఎవరూ అడగలే.

మార్చి 13, శుక్రవారం

రేపు అన్న మా ఊరు రావాలె. పువ్వు ఏరేది చూస్తానని ఆయనే అన్నడు, పోయిన నెల. పనికని ఈ బచేలికి వచ్చినంక నా వెంట మా ఇంటికొస్తానన్న మొదటి మనిషి. అమ్మ ఇల్లు అలికింది. కోడిని అమ్మకుండా ఉంచింది.

పొద్దున అడిగిన. "వస్తే నన్నూ ఆ చెట్టు కిందే తగలబెడతారేంట్రా?" అన్నడు. జోకే. నేను నవ్వలే. "మరి రేపు?" అన్న. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "చూద్దాంలే..."

మధ్యాహ్నం అమ్మ ఫోను. "మీ దోస్తు కారం తింటడా?"

తింటడమ్మా అన్న. ఇంకేం చెప్పాలె?

ఇప్పుడు లోపల సీరియల్ నడుస్తోంది. నేను బయట మెట్టు మీద. ఎదురుగా అడిగితే మళ్లీ జోకు చేస్తడు, అందుకే ఇక్కడ రాస్తున్న.

అన్నా, రెండేళ్లు నాతో ఒక్క గిన్నెల తిన్నవు. మా అమ్మ ఎట్లాంటిదో టీవీని అడుగుతవా, నన్ను అడుగుతవా? రేపు రెండింటికి మా ఊరి దిక్కు పోయే బీజాపూర్ బస్సు. వస్తవా, రావా? ఒక్క మాట చెప్పు. నా ముఖం చూసి చెప్పు. బస్సు కదిలేలోపు.