పీట వద్దన్న రాయి

ఏలూరు, 1934 నవంబరు, శనివారం రాత్రి

నా రాయి ఇక నాది కాదు.

పోలవరం ఇసుకలో దొరికిన నల్ల రాయి. నిలబెడితే చిన్న కొండ, దాని మీద జలపాతంలా ఒక తెల్లటి చార. దానికి టేకు పీట నేనే చెక్కాను. స్కూల్లో నాతో పాటు లెక్కలు చెప్పే సూర్యం, వాళ్లమ్మకు చూపించి తెస్తానని పోయిన నెల పట్టుకెళ్లాడు. పీట కూడా ఇవ్వబోతే, "బరువెందుకండీ, రాయి చాలు" అన్నాడు.

ఈ రోజు తాడేపల్లిగూడెంలో వాళ్లింటికి వెళ్లాను. రాయి దేవుడి గదిలో, ఇత్తడి పళ్లెంలో, కుంకుమతో, పూలతో ఉంది.

"ఈయన శివయ్య, బాబూ. మావాడికి గోదారిలో దొరికాడు. ఆ జంధ్యం చూశారా?" అంది వాళ్లమ్మ.

నా జలపాతమే ఆ జంధ్యం.

నేను క్రైస్తవుణ్ణని ఆవిడకు తెలుసు. అరటిపండు చేతిలో పెట్టి, "ఇది దేవుడికి పెట్టింది కాదు, మీరు తినొచ్చు" అంది. అంత మంచావిడతో ఆ రాయి నాదని ఎలా అంటాను?

వీధి అరుగు మీదికి వచ్చాక సూర్యం నా మొహం చూడకుండా, "అమ్మకి ఇప్పుడెలా చెప్పమంటారండీ?" అన్నాడు. ఏనాడూ గుడి మెట్టెక్కని మనిషి. పీట ఉంటే ఎవరో చేయించుకున్న వస్తువని ఆవిడకు తెలిసిపోయేది.

నిద్ర పట్టనివ్వనిది మరొకటి. రాయి అడుగున ఒక నొక్కు ఉంది. దానికి సరిపడా పీటలో బొడిపె చెక్కాను. ఆ ఆసరా లేక రాయి పళ్లెంలో పక్కకు ఒరిగింది. సరిగా నిలబెడదామని చెయ్యి ముందుకు పోయింది. కానీ ఆ దేవుడి గది గుమ్మం నేను దాటకూడదు.

అక్కడ పెడితే నా చెయ్యి అందదని సూర్యానికి మొదటి నుంచీ తెలుసు.